గట్టు కలిసినంక

వచ్చిన రోజు పుట్టిల వచ్చిన.
చిగుర్ల ఈదన్న తెడ్డేస్తుంటే
ట్రంకుపెట్టె మీద కూసొని, రెండు చేతుల అంచు పట్టుకొని,
ఈత రాదన్న సంగతి ఎవరికీ చెప్పకుండ.

పొయ్యే రోజు నడిచి పోతున్న.
మే నెల. కృష్ణ ఎనకకు జరిగింది.
ఆర్డర్ల దీవి అని రాసిన జాగ
గట్టుకు అతుక్కపోయి
మామూలు గుట్టయి కూసున్నది.

మూడేండ్లు.
బేస్ క్యాంపు అంటే నాలుగు రేకులు, ఒక సోలార్ పలక,
పలక మీద ఎప్పుడూ పిట్టల రెట్ట.
పొద్దుగాల ఆరింటికి వైర్‌లెస్‌ల కొల్లాపూర్ పిలుస్తది:
"ఈర్లదిబ్బ, ఈర్లదిబ్బ, ఏం సంగతి?"
"ఏం లేదు సార్, అంత మంచిగనే."
ఆ ఏం లేదుల ఎన్ని ఉండెనో.
నీటికుక్క పిల్లలు మూడు ఒక్క చేపకు కొట్లాడుడు.
ఒక్కసారి, ఒక్కటే సారి, తెల్లారుగట్ల
నల్లమల దిక్కునుంచి నీళ్లల్ల ఒక తల ఈదుకుంట వచ్చుడు.
ఈదన్న నా నోరు మూసిండు, అరచేతికి తేనె వాసన.
పులి ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకొని,
మా రేకుల దిక్కు ఓ చూపు చూసి
మేం లేనట్టే పోయింది.
అది మాత్రం రిపోర్టు చేసిన. ఫోటో ఏదన్నరు.

అలివి వలలు కోసిన.
దోమతెరంత సన్న కన్నులు,
అరచేతిల పోస్తే బియ్యపుగింజలంత చేపపిల్లలు.
కోసిన రాత్రి నిద్ర పట్టలే.
వల గుంజేటోళ్లు సముద్రం దిక్కునుంచి
అప్పు మీద తోలుకొచ్చిన కూలోళ్లు.
పదేండ్ల పోరగాడొకడు నన్ను చూసి
చేతులు కట్టుకొని నిలబడ్డడు, బడిల నిలబడ్డట్టు.
వానికి ఈత వచ్చు.

చార్జి అప్పజెప్పుడు పావుగంట పని.
మక్తల్ పిల్లగాడు తిప్పన్న, కొత్త బూట్లు కరుస్తున్నయి.
లైఫ్ జాకెట్లు రెండు, టార్చి ఒకటి,
బకెట్ ఒకటి, అడుగు కారుతది, తారు పెట్టిన.
సంతకం చేసి అడిగిండు: "సార్, ఈడ భయమైతదా?"
"ఆగస్టుల అయితది.
నీళ్లొచ్చే రాత్రి చప్పుడు రాదు.
పొద్దున లేస్తే కింది మెట్టు ఉండదు."
రోజూ నీళ్ల అంచుకు ఒక రాయి పెట్టు, అన్న.
ఎందుకు సార్ అన్నడు.
ఎందుకో నాకూ తెల్వదు.
నా ఆఖరి రాయి ఈ పొద్దు
మొదటి రాయికి అరకిలోమీటరు కింద ఉన్నది.

దిగుతుంటే ఒండ్రు నెర్రెలు బాసి
బూటు కింద పటపటమంటున్నది.
నడుమ బోయ తిమ్మక్క దోసపాదులు.
ఆమెకు రెండుసార్లు నోటీసు రాసిన.
"మునగక ముందు మా మామది,
మునిగినంక సర్కారుది,
తేలినంక ఎవరిది సారూ?" అని అడిగింది అప్పట్ల.
జవాబు మా ఫారంల లేదు.
ఇయ్యాల ఒక దోసకాయ తెంపి నా సంచిల ఏసింది.
"బదిలీ అయినోనికి ఇస్తే లంచం కాదు లే."

ఈదన్న గట్టుదాక వచ్చిండు.
పోయిరా అనలే.
"పుట్టికి పట్టా మార్పియ్యాలె, వానలకు ముందే" అన్నడు,
నాకో, తనకో, రేంజి ఆఫీసుకో.
మల్లిపోయిండు.

గట్టెక్కి ఎనకకు చూసిన.
ఒకటే తీరు గుట్టలు ఏడెనిమిది.
ఏది నాదో పోల్చుకోలేకపోయిన.
రేకు మెరిస్తే తెలిసింది.

ఇప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు.
రాత్రి తొమ్మిదికి గేటు దించుడు, ఆరింటికి ఎత్తుడు,
బండ్ల నంబర్లు రాసుడు.
లారీ డ్రైవర్లు, శ్రీశైలం పొయ్యేటోళ్లు,
ఒక్క దినంల ఇన్ని మాటలు విని చెవులు నొస్తున్నయి.
దోసకాయ పప్పుల ఏసిన.
ఇత్తులు కడిగి నోటీసు కాయితం మీద ఆరబెట్టిన.

మొదటి తెల్లారి, మొఖం కడగకముందే
గబగబ బయటికి వచ్చిన,
నీళ్లు యాడిదాక వచ్చినయో చూద్దామని.
చేతిల రాయి కూడ ఉన్నది.

తార్రోడ్డు
యాడున్నది ఆడ్నే ఉన్నది.